పెరటిలోని చుట్టములు



ఈ నెల మిమ్మును దూరదేశములకు తీసికొనిపోవలెనని నా కోరిక. అందుకు రైలు అక్కరలేదు, ఓడయు అక్కరలేదు. మీ ఇంటి వెనుక తలుపు తీసి, పెరటిలోనికి నాలుగడుగులు వేసినచో చాలును.

అక్కడ ఏమేమి యున్నవో చూడుడి. పాకమీదికి ప్రాకిన ఆనపతీగె, నీళ్లు పారుచోట అరటి, దడి ప్రక్కను మునగచెట్టు, నాలుగు వంగమొక్కలు, నాలుగు మిరపమొక్కలు, మడిలో తోటకూర, గోంగూర, పందిరిమీద బీరయో చిక్కుడో. ఎవరును నాటకయే అంట్లు కడుగుచోట మొలిచిన టమాటా మొక్క ఒకటి. సాయంకాలము ఇల్లాలు చేట పట్టుకొని వచ్చి, చేతికందినది కోసికొని లోపలికి పోవును. ఆ పూటకు అదియే కూర.

"ఇది మా తాతముత్తాతల నాటి తిండి" అని మనమందుము. నిజమే. కాని ఎంతమంది తాతలకు ముందునాటిది? ఒక్కొక్క మొక్క దగ్గర నిలిచి, "నీ పుట్టినూరేది? నిన్ను ఇక్కడికి తెచ్చినవారెవరు?" అని అడిగి చూడుడి. రాజుల యుద్ధములను చెప్పు పుస్తకములలో లేని చరిత్ర ఒకటి మీ పెరటిలోనే బయటపడును.

ఇంటిలో పుట్టినవి

మొదట వంగమొక్కను అడుగుదము. ఇది మన దేశపు బిడ్డ. ఇక్కడి ముండ్లమొక్కయై పెరిగి, మనుష్యుల చేతిలో మెత్తబడి, కూరగాయయై, పారశీకుల మూలముగాను అరబ్బుల మూలముగాను పడమటి దేశములకు పోయెను. కీరదోస హిమాలయముల దిగువ భూములలో పుట్టినది. బీరయు పొట్లయు ఈ దేశపువే. మునగచెట్టు కూడ ఆ హిమాలయ సానువులనుండియే దిగివచ్చి దక్షిణమంతట వేళ్లూనినది. కారము కావలసినప్పుడు మన పూర్వులు పడమటి కనుమలలో కాసిన మిరియములను, పిప్పళ్లను, అల్లమును, ఆవాలను వాడుకొనిరి.

ఇక బెండను అడిగినచో, తన పుట్టినిల్లు ఆఫ్రికాయని చెప్పును. పలువురు పండితుల అభిప్రాయము ఇదియే. అలసందలు అక్కడివే. ఆనపకాయ జన్మస్థానము ఆ ఖండమే. ఎండిన ఆనపబుర్ర నీటిలో మునుగదు; కాబట్టి అది ఎంతో పూర్వమే సముద్రములు దాటి పలుదేశములు చేరెను. పులుపునకు మారుపేరైన మన చింత సహితము ఆఫ్రికా చెట్టే. అయితే అది ఎంత ముందుగా వచ్చి మనదైపోయెననగా, అరబ్బు వర్తకులు చింతపండును మన రేవులలో కొని, దానికి "హిందూదేశపు ఖర్జూరము" అని తమ భాషలో పేరు పెట్టుకొనిరి.

గోంగూర మాటయో? తెలంగాణములో పుంటికూరయని పిలువబడు ఈ ఆకు తెలుగువాని గుర్తని లోకమంతయు అనుకొనును. దాని అడవి బంధువులు మాత్రము ఆఫ్రికాలో నున్నవి. మనవారు ఆ గోగుమొక్కను తెచ్చుకొని దానిలో ఏదియు వ్యర్థము కానీయలేదు. ఆకు పచ్చడికి, బెరడు నారకు, మిగిలిన పుల్ల పొయ్యిలోనికి. ఆ నార భీమునిపట్నము రేవునుండి ఓడలకెక్కెను గనుక వర్తకలోకమున దానికి ఆ పట్నపు పేరే నిలిచినది.

సముద్రము దాటి వచ్చినవి

ఇప్పుడు మిరపమొక్క దగ్గరకు రండి. దీని సంగతి విని మీరు ఆశ్చర్యపడుదురు. 1492లో కొలంబసు అట్లాంటికు సముద్రము దాటకమునుపు, అమెరికాలో తప్ప మరెక్కడను మిరపకాయ లేదు. 1498లో వాస్కో ద గామా కాలికట్టు రేవు చేరెను. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిరి. వారి ఓడలలోనే మిరప ఈ దేశమునకు వచ్చెను. శ్రీకృష్ణదేవరాయలు విజయనగరమును ఏలినది 1509 మొదలు 1529 వరకు. అంత గొప్ప రాజు ఏలుబడిలో సామాన్యుడైన కాపువాని ఇంట మిరపకాయ పచ్చడి లేకుండెనని చెప్పవచ్చును.

నమ్మకము కలుగకున్నచో మన మాటలనే పరీక్షించుడి. మిరియమను మాటను పట్టుకొనియే మనవారు ఆ క్రొత్త కాయకు మిరపయని పేరు పెట్టిరి. ఆవకాయ నేడు ఎర్రగా మండుచున్నది. అయినను దాని పేరులో మిరప లేదు, ఆవ యున్నది. పాత కారము పేరులో నిలిచినది, క్రొత్త కారము జాడీలో చేరినది. నేడు గుంటూరు మిరప ప్రపంచమెరిగిన సరకు. అయినను అది మన గడప త్రొక్కి సుమారు 500 ఏండ్లే అయినది.

మిరప ఒంటరిగా రాలేదు. వేరుశనగ, మొక్కజొన్న, చిలగడదుంప, తియ్యగుమ్మడి, జామ, బొప్పాయి, జీడిమామిడి, సీతాఫలము, ఇవన్నియు అమెరికా పుట్టినింటివే. టమాటాయు బంగాళాదుంపయు మరింత ఆలస్యముగా, ఎక్కువగా తెల్లదొరల కాలములో, మన పెరళ్లకు వ్యాపించినవి. మొదట అవి దొరల బల్లలమీదికి పోయినవి. పేదవాని చట్టిలోనికి వచ్చుటకు చాల ఏండ్లు పట్టెను.

మన పెద్దలు ఈ చుట్టములకు ఎట్టి పేర్లు పెట్టిరో చూడుడి. కొన్నిటికి వచ్చిన దారియే పేరైనది. బంగాళాదేశమునుండి దిగిన దుంప బంగాళాదుంప. సీమనుండి వచ్చినదనుకొన్న చింత సీమచింత. మరికొన్నిటికి ఇంటిబిడ్డల పేర్లే పెట్టిరి. కోస్తాలో టమాటాను రామములగ యనిరి. అమెరికా పండును సీతాఫలమనిరి. రామాయణములోని పేరు పెట్టిన తరువాత దానిని పరాయిదని ఎవరనగలరు?

చుట్టము ఇంటిదైన చోటు

పేరు పెట్టుట వీధిలో జరిగెను. నిజముగా ఇంటిదగుట మాత్రము వంటింటిలో జరిగెను.

క్రొత్త కాయ ఒకటి చేతికి వచ్చినప్పుడు ఇల్లాలు ఏమి చేసెను? దానిని కొరికి చూచెను. పుల్లగా నున్నదా? చింతపండు వేయుచోట దీనిని వేయుదమనుకొనెను. ఆ విధముగా టమాటా పప్పులోనికి, చారులోనికి, రోటి పచ్చడిలోనికి వచ్చెను. మండుచున్నదా? మిరియము దంచు రోటిలోనే ఉప్పుతోను చింతపండుతోను నూరెను. తియ్యగా నున్నదా? గుమ్మడిముక్కలను, చిలగడదుంపను బెల్లము వేసి పులుసులో కాచెను. చప్పగా నున్నదా? క్యాబేజీని సన్నగా తరిగి, నానిన పెసరపప్పు కలిపి మగ్గబెట్టెను. అటుపిమ్మట అన్నిటికిని ఒకటే తిరగమోత: ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు. ఆ చుయ్యిమను శబ్దముతో అది మన కూర ఆయెను. ఏ పండితుడును ఆమెకు నేర్పలేదు. ఏ గ్రంథమును ఆమె పేరు వ్రాయలేదు.

తోటమాలియైన మిషనెరీ

పేర్లు వ్రాయబడిన కొందరున్నారు. వారి సంగతియు చెప్పవలెను. వారిలో ఇద్దరికి మన తెలుగుదేశముతో సంబంధము కలదు.

మొదటివాడు విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లాండు వైద్యుడు. ఈయన కుంపిణీ కొలువులో 1781లో గోదావరి ప్రాంతపు సామర్లకోటకు వచ్చెను. అక్కడ తోట వేసి, మిరియము మొదలైన మొక్కలను పెంచి చూచెను. ఈ దేశపు చిత్రకారులచేత మొక్కల బొమ్మలు వ్రాయించెను. మన పల్లెవారు చెప్పిన తెలుగు పేర్లను అడిగి తెలిసికొని తన పుస్తకములలో చేర్చెను. ఆయన అక్కడ నున్న కాలములోనే, 1789 మొదలు 1792 వరకు, ఉత్తర సర్కారులలో ఘోరమైన కరవు వచ్చెను. ఆ కష్టము చూచిన ఆయన, వాన లేని యేట కూడ పేదలకు తిండి దొరకునట్లు కొబ్బరి, పనస, అరటివంటివి విస్తారముగా నాటవలెనని ప్రభుత్వమునకు వ్రాసెను. మనుష్యుడు ఒక్క పైరుమీదనే ప్రాణము నిలుపుకొనరాదని ఆ కరవు నేర్పిన పాఠము. 1793లో ఆయన కలకత్తా దగ్గరనున్న కుంపిణీ తోటకు అధికారియై వెళ్లెను.

అదే 1793లో కలకత్తా రేవున దిగినవాడు విలియం కేరీ. ఈయన ఇంగ్లండులో 1761లో పుట్టి, చెప్పులు కుట్టి జీవించినవాడు. చిన్ననాటినుండి మొక్కలనిన ప్రాణము. 1800 మొదలు శ్రీరాంపురమున నివసించుచు, అక్కడ సుమారు 5 ఎకరముల తోట పెంచెను. తెలుగువారమైన మనము ఈయనను మరువరాదు. 1812 మార్చి 11వ తేదీన శ్రీరాంపురపు అచ్చుకూటము కాలిపోయినప్పుడు బూడిదయైన వ్రాతలలో తెలుగు వ్యాకరణము ఒకటి. ఆయన దానిని మరల వ్రాసి 1814లో ముద్రించెను. 1818లో తెలుగు క్రొత్త నిబంధన ఆ అచ్చుకూటమునుండియే వెలువడెను. ఆ 1814లోనే రాక్స్‌బర్గ్ వ్రాసిన మొక్కల పట్టికను కూడ కేరీ అచ్చువేయించెను. రాక్స్‌బర్గ్ పెద్ద గ్రంథమును ఆయన మరణించిన పిమ్మట 1820లో అచ్చునకు తెచ్చినవాడును ఈయనే.

అదే 1820లో కేరీ కలకత్తాలో వ్యవసాయ, ఉద్యానవన సంఘమును స్థాపించెను. మంచి విత్తనములు తెప్పించి పంచుట, కూరగాయలను పండ్లను మెరుగుపరచుట దాని పని. దొరలతోబాటు ఈ దేశస్థులును అందులో సభ్యులు కావలెనని ఆయన పట్టుపట్టెను. ఆ సంఘము కలకత్తాలో నేటికిని ఉన్నది.

1823లో దామోదర నది పొంగి వచ్చి ఆయన తోటను ముంచివేసెను. ఆయన మరల మొదటినుండి నాటెను. అచ్చుకూటము కాలినప్పుడెట్లో, తోట మునిగినప్పుడును అట్లే. ఒకసారి ఇంగ్లండునుండి ఒక స్నేహితుడు విత్తనములు పంపగా, ఖాళీ సంచిని కూడ పారవేయక తోటలో ఒక మూల దులిపెనట. కొన్ని దినములకు అచ్చట ఆయన స్వదేశపు చిన్న గడ్డిపూవు ఒకటి మొలిచెను. దానిని చూచి ఆ పెద్దమనిషి ఎంతో సంతోషించెను. 1834లో ఆయన మంచము పట్టియున్నప్పుడు, తాను పోయిన తరువాత తోటలోనికి ఆవులను తోలుదురేమోయని దిగులుపడెనని చెప్పుదురు. పెరడు పెంచినవారికి ఆ దిగులు ఎట్టిదో తెలియును.

కుంపిణీవారు మొక్కలను తెచ్చినది అంతయు మన మేలుకొరకే కాదు. నీలిమందు, నల్లమందు, వాణిజ్యపు లాభము వారి లెక్కలో ముందుండెను. ఆ సంగతి దాచనక్కరలేదు. కాని విత్తనము ఎవని ఓడలో వచ్చినను, అది మొలిచినది మన మట్టిలో, నిలిచినది మన స్త్రీల చేతిలో.

కొంగున ముడివేసిన ఆస్తి

ఆ చేతులను గూర్చియే ఇంతసేపు చెప్పదలచితిని. కాయలన్నియు కోసికొని తినువాడు ఒక్క యేడే తినును. తీగెకు మొదట కాసిన మంచి కాయను ముట్టక విడిచిపెట్టినవాడు ప్రతి యేడును తినును. మన పెద్దమ్మలు ఆ కాయకు గుడ్డపీలిక కట్టి గుర్తు పెట్టిరి. బీర తీగెమీదనే ఎండిపోవువరకు ఆగి, పొయ్యిమీది పొగలో వ్రేలాడగట్టిరి. వంకాయను పసుపుపచ్చగా పండనిచ్చి, గింజలు కడిగి నీడలో ఎండబెట్టిరి. పురుగు పట్టకుండ బూడిద కలిపి ఆనపబుర్రలో దాచిరి. కోడలు కాపురమునకు పోవునప్పుడు కొంగున గింజలు ముడివేసి పంపిరి. చిక్కుడు గింజలు ఇచ్చి పొట్ల గింజలు తెచ్చుకొనిరి. అమెరికా మిరప మన మిరపయైనది ఈ విధముగానే.

నా తల్లి వంటింటి దూలమునకు ఒక నేతిబీర కాయ ఎప్పుడును వ్రేలాడుచుండెడిది. నల్లగా పొగచూరి యుండెడిది. ఆమె పోయిన తరువాత పాత ఇల్లు విప్పించి డాబా కట్టించితిమి. ఆ కాయను చెత్తతోబాటు పారవేసినది నా చేతులే. ఆ యేటి తొలకరికి పందిరి వేసి గింజలకొరకు చేయి పైకి చాపితిని. అక్కడ దూలము లేదు. అంగడిలో గింజలు దొరికినవి, కాసినవి కూడ. కాని ఆ రుచి మరల మా ఇంటికి రాలేదు.

రాజుల గ్రంథములో నాబోతు సంగతి మీరెరుగుదురు. అహాబు రాజు తన నగరు దగ్గరనున్న నాబోతు తోటను కూరతోటగా చేసికొనగోరెను. పితరుల స్వాస్థ్యమును ఇయ్యనని నాబోతు ప్రాణమే ఇచ్చెను. మన స్వాస్థ్యమును ఏ అహాబును వచ్చి అడుగలేదు. మనమే దానిని దిబ్బమీద పారవేయుచున్నాము.

అంగడి విత్తనమును నేను నిందింపను. సంకరజాతి విత్తనము ఎక్కువ కాయును, నిజమే. కాని దాని గింజను దాచి మరుసటి యేట నాటినయెడల తల్లివలె కాయదు. ఏటేట కొనవలసినదే. నాటు విత్తనము దాచినకొలది తల్లిని పోలిన బిడ్డ పుట్టును. జహీరాబాదు ప్రాంతములో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని పేద దళిత స్త్రీలు ఈ సత్యమును గ్రహించి, తమ మెట్టపైరుల విత్తనములను బుట్టలలో దాచి, ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకొనుచు కాపాడిరి. 2019లో ఐక్యరాజ్య సమితివారి ఈక్వేటర్ బహుమానము ఆ సొసైటీకి లభించెను. చదువు లేనివారని లోకము అనుకొన్న స్త్రీలు వారు.

కన్నులకు వెలుగు

పెరడు పోయినచో పోవునది రుచి మాత్రమే కాదు. మునుపు మన పల్లెలలో చీకటిపడగానే చూపు తెలియక గోడ తడవుకొను పిల్లలుండిరి. రేచీకటియని దానికి పేరు. ఏ విటమిను చాలకపోవుట దానికి ముఖ్యకారణము. 1918లో కూనూరులో రాబర్టు మెక్‌కారిసన్ అను వైద్యుడు చిన్న పరిశోధనశాల నొకటి ఆరంభించెను. అది పెరిగి 1958లో హైదరాబాదుకు తరలివచ్చెను. జాతీయ పోషకాహార సంస్థ అదియే. ఆ సంస్థవారి పరిశోధనల ఫలితముగా 1970లో చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి ఏ విటమిను మందు పోయు పథకము దేశములో ఆరంభమాయెను. ఆ మందు తప్పక పోయించుడి. అయితే ఆ విటమినుగా మన శరీరములో మారు పదార్థము మునగాకులో, తోటకూరలో, గోంగూరలో, పండిన బొప్పాయిలో, తియ్యగుమ్మడిలో నున్నది. చూచితిరా? ఇంట పుట్టిన మునగయు, పరదేశమునుండి వచ్చిన గుమ్మడియు ఒక్క బిడ్డ కన్నులకే వెలుగిచ్చుచున్నవి.

వండునప్పుడు కొన్ని సంగతులు జ్ఞాపకముంచుకొనుడి. ఆకును ముందు కడిగి తరువాత తరుగవలెను. తరిగి కడిగినచో సారము నీళ్లపాలగును. కొద్ది నీటితో మూతపెట్టి ఉడికించి, ఆ నీటిని వంచివేయక పప్పులో కలుపవలెను. తిరగమోతలోని చెంచాడు నూనె దండుగ కాదు. నూనె లేనిదే ఆ ఏ విటమిను సరిగా ఒంటబట్టదు. ఆనపకాయను వండకమునుపు చిన్న ముక్క నాలుకమీద పెట్టి చూడుడి. చేదుగానున్నచో ఆ కాయ విషతుల్యము, పారవేయుడి. అట్టి తీగె గింజను దాచనే దాచరాదు.

అమ్మలారా, అయ్యలారా, మీకు ఎకరములు అక్కరలేదు. స్నానపు నీళ్లు పోవుచోట మూడు మూరల నేల చాలును. ఈ తొలకరికి ఒక పాదు పెట్టుడి. కాసినదానిలో మొదటి మంచి కాయకు గుడ్డపీలిక కట్టుడి. పిల్లలు కోయబోయినచో ఎందుకు కోయరాదో చెప్పుడి. ఎండిన తరువాత గింజలను రెండు పాళ్లు చేసి, ఒకటి బూడిదలో దాచుకొని, రెండవది పొరుగింటికి పంపుడి. మీ గింజ చచ్చిన యేట పొరుగింటిది మీకు తిరిగివచ్చును.

దూరదేశపు చుట్టములను ఆదరించి, వండి, పేరు పెట్టి, మన పెద్దమ్మలు మనకు అప్పగించిరి. మన మనుమలు వెనుక తలుపు తీసినప్పుడు అక్కడ సిమెంటు గచ్చు కనబడవలెనా, పందిరిమీద పూచిన బీర కనబడవలెనా? ఈ సాయంకాలము చేట పట్టుకొని పెరటిలోనికి పోయినప్పుడు ఆలోచించుడి.